పొందిక తెరిచిన వెనక దారి

ఇప్పలకోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్లు, ఉడుతలు, నక్కలు, అలుగులు, ముళ్లపందులు కాపురాలు చేసుకుంటున్నాయి. పులి కూడా ఒకటి ఉంది గానీ ఈ కథలో దానికి పని లేదు. అన్ని కథల్లోనూ అదే ఎందుకుండాలి?

కాపురం అన్నాక ఇల్లుంటుంది. ఇల్లన్నాక చెత్త చేరుతుంది. అందుకని ఇప్పలకోన జంతువులన్నీ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాయి.

ఉగాది పక్షం రోజులుందనగా వేపచెట్టు పూత పూస్తుంది. ఆ పూత కనబడగానే ఎవరి ఇంట్లోని సామాను వాళ్లు బయటికి తెచ్చి ఎండలో పెట్టాలి. ఎవరికి ఏ వస్తువు కావాలో, వాళ్లే దాన్ని నోట కరుచుకుని మళ్లీ లోపలికి తీసుకెళ్లాలి. పొద్దు గూకేలోగా లోపలికి చేరని వస్తువు అడవిది. దాన్ని ఎవరైనా పట్టుకుపోవచ్చు.

చాలా మంచి పద్ధతి. దవడలు నొప్పి పుట్టేసరికి ఎవరికైనా తెలిసిపోతుంది, తనకు నిజంగా ఏది కావాలో.

శూలయ్య అనే ముళ్లపంది ఇంట్లో మాత్రం ఈ పద్ధతి వేరేగా నడిచేది. వస్తువులు శూలయ్యకు కావాలి. మోసేది అతని భార్య పొందిక. శూలయ్య గుమ్మం పక్కన రాయి మీద కూర్చుని, “అది తే, ఇది తే, అబ్బ, నెమ్మదిగా తే, గీరుకుపోతుంది,” అనేవాడు. పొందిక రోజంతా బయటికి మోసి, బయట నుంచి మళ్లీ లోపలికి మోసేది. సాయంత్రానికి శూలయ్య ఉస్సురని, “ఈ ఇల్లు సర్దడం నా ప్రాణం మీదికి వస్తోంది,” అనేవాడు.

ఇంతకీ ఆ వస్తువులు ఏమిటనుకున్నారు? ఎముకలు.

ముళ్లపందుల పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి అవి ఎండిన ఎముకలు కొరుకుతాయి. ఇంటికి రెండు ఎముకలుంటే ఏడాది గడిచిపోతుంది. శూలయ్య ఇంట్లో నూట నలభై ఉన్నాయి.

దుప్పి కొమ్ములు, అడవిపంది దవడలు, తాబేటి డిప్పలు, ఒక అడవిదున్న పుర్రె. అన్నిటికంటే గొప్పది ఒక తొడ ఎముక. ఎవరు వచ్చినా శూలయ్య దాన్ని చూపించి, “ఇది మా ముత్తాత సంపాదించిన దున్న తొడ ఎముక. ఆయన అప్పట్లో దున్నకే ఎదురు నిలిచాడు,” అనేవాడు.

నిజానికి ముత్తాత ఆ దున్న చచ్చిన మూడేళ్లకు అటుగా వెళ్లాడు. అయినా ఇంటికొచ్చినవాళ్లు “ఆహా” అనేవాళ్లు. ఎముకల మీద దుమ్ము దులిపేది పొందిక కాబట్టి, వాళ్ల ఆహాకారాలు ఆమెకు వినబడేవి కానీ ఆమెకు చెందేవి కావు.

చిత్రం ఏమిటంటే, శూలయ్య పళ్లకు దురద పుట్టినప్పుడు కొరికేది ఎప్పుడూ ఒక్కటే చిన్న ఎముక. మిగతావన్నీ చూడడానికి.

వాళ్ల బొరియలో ముందు గుమ్మం దాటగానే సావిడి ఉంటుంది. సావిడి వెనక ఒక గది. ఆ గదిలోంచి సన్నని సొరంగం కొండ అవతలికి, వాగు పక్కకు వెళుతుంది. అదే వెనక గుమ్మం. దుంపలు తేవడానికి, చెత్త పారబోయడానికి పొందిక ఆ దారినే నడిచేది. శూలయ్య ఏనాడూ ఆ దారిలో నడవలేదు. “మాది ముందు గుమ్మంలో నడిచే వంశం,” అనేవాడు.

ఆ ఏడు వేప పూత పూసింది. పొందిక నిండు చూలాలు.

“ఏమయ్యా, ఈసారి నేను మోయలేను. ఎనిమిది రోజుల్లో కానుపవుతుందని అలుగు పెద్దమ్మ చెప్పింది. వెనక గది ఖాళీ కావాలి,” అంది పొందిక.

“గది దేనికే? ఓ మూల పడుకో. మా అమ్మ నన్ను ఈ ఎముకల మధ్యే కంది,” అన్నాడు శూలయ్య.

“తెలుస్తూనే ఉంది,” అంది పొందిక.

“ఏమన్నావ్?”

“వెనక గది ఖాళీ కావాలన్నాను. వెనక దారి కూడా. రేపు పిల్లలతో ఏ ఆపద వచ్చినా రెండు దారులు ఉండాలి కదా.”

“సరే సరే. ఏడవకు.”

“నేనెక్కడ ఏడ్చాను?”

“ఏడుస్తావేమోనని ముందే చెప్పాను. ఈ ఏడు ఇల్లు నేనే సర్దుతాను. నువ్వు హాయిగా అలా తిరిగి రా.”

పొందిక తన చెవులను తానే నమ్మలేకపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఒక మంచిమాట విన్నాను కదా అనుకుంటూ వాగు వైపు వెళ్లింది. రాలిన ఇప్పపూలు తింది. ఒక బండ నీడన కాసేపు కునుకు తీసింది. పొద్దు వాలాక, సర్దిన సావిడి చూడాలని కొండ చుట్టి ముందు గుమ్మంలోంచి ఇంటికి వచ్చింది.

సావిడి అద్దంలా ఉంది! ఒక్క ఎముక లేదు. నేల మీద ఒక్క ఎండుటాకు లేదు. నడుమ శూలయ్య ముళ్లు దువ్వుకుని కూర్చున్నాడు. ఎదురుగా నక్క, ఇద్దరు కుందేళ్లు నోరు తెరుచుకుని చూస్తున్నారు.

“శూలయ్య బావా, ఇల్లు సర్దడం కూడా వచ్చా నీకు! అడవిలో ఆడవాళ్లందరూ వచ్చి నేర్చుకోవాలి నీ దగ్గర,” అన్నాడు నక్క.

“ఏముంది బావా, ఒక పద్ధతిగా చేస్తే పూటలో అయిపోయే పని. మా ఆవిడ దీనికి వారం తీసుకుంటుంది,” అన్నాడు శూలయ్య.

ఏడాదికి ఒక్కపూట ఇల్లు సర్దిన మగవాడికి ఎంత పేరు వస్తుందో, మూడు వందల అరవై నాలుగు రోజులు సర్దిన ఆడదానికి అందులో సగం కూడా రాదు. ఇప్పలకోనలోనూ అంతే.

పొందిక నవ్వుకుంటూ వెనక గదిలోకి అడుగు పెట్టబోయింది. అడుగు పడలేదు. అక్కడ ఎముకలు పైకప్పు దాకా ఉన్నాయి. గదిలో ఉన్నవి గదిలోనే ఉన్నాయి. సావిడిలో ఉన్నవి వాటి మీదికి చేరాయి. అక్కడా పట్టనివాటిని శూలయ్య సొరంగంలోకి కుక్కేశాడు. వెనక గుమ్మం పూర్తిగా మూసుకుపోయింది.

“ఏమయ్యా! ఇదేనా సర్దడం? ఒకచోటివి తీసి ఇంకోచోట దాచావు!”

“కనబడకుండా ఉన్నాయా లేదా?”

“నాకు కనబడుతున్నాయి.”

“చుట్టాలకు కనబడవు. ఇల్లు సర్దేది చుట్టాల కోసమే కదా.”

“వెనక దారి మూసేశావు.”

“ఆ దారిన ఎవరు నడుస్తారు? నువ్వొక్కదానివే.”

“అవును, నేనొక్కదాన్నే. అందుకే అది నీకు దారిలా కనబడలేదు,” అంది పొందిక.

శూలయ్యకు కోపం వచ్చి ముళ్లు లేచాయి. చుట్టాలు ఉన్నారు కాబట్టి మళ్లీ వాల్చుకున్నాడు.

ఆ రాత్రి పొందిక సావిడిలో ఓ మూల పడుకుంది. తెల్లవారగానే లేచి, కొండ చుట్టూ నడిచి, అలుగు పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. అలుగు పెద్దమ్మ ఆ అడవికి మంత్రసాని. ఒంటినిండా పొలుసులు, చేతినిండా గోళ్లు, నోటినిండా మాటలు.

సంగతంతా విని పెద్దమ్మ, “కూర్చుని ఏడుద్దామని వచ్చావా, తవ్వుదామని వచ్చావా?” అంది.

“తవ్వుదామనే వచ్చాను పెద్దమ్మా. కానీ నూట నలభై ఉన్నాయి. తలుచుకుంటేనే దవడలు నొప్పి పుడుతున్నాయి.”

“నూట నలభైని ఎవరు తలుచుకోమన్నారు? రోజుకు ఇరవై. ఇరవై ఒకటోదాన్ని ముట్టుకోకు. ముందు దారి, తర్వాత గది. ఇంటి నడుమ కూర్చుని గుట్టను చూసుకుంటూ ఉంటే గుట్టే గెలుస్తుంది. గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టాలి.”

ఇద్దరూ వాగు పక్కనున్న వెనక గుమ్మానికి వచ్చారు. పెద్దమ్మ బయట నుంచి గోళ్లతో లాగింది. పొందిక ఒక్కో ఎముకనూ చూసింది. “పోయిన ఏడు దీన్ని ఎవరైనా వాడారా? వచ్చే ఏడు ఎవరైనా వాడతారా?” అని తనను తానే అడిగింది. రెండింటికీ లేదనే జవాబు వస్తే వాగు ఒడ్డున ఎండలో పెట్టింది. మొదటి రోజు ఇరవై ఎముకల్లో ఇరవైకీ అదే జవాబు వచ్చింది.

చప్పుడు విని శూలయ్య కొండ చుట్టూ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెంట నక్క కూడా ఉన్నాడు.

“ఎంత పని చేశావే! మా వంశం పరువు తీసుకొచ్చి వాగు ఒడ్డున పడేస్తావా?”

“పడేయలేదు. పద్ధతి ప్రకారం ఎండలో పెట్టాను. నీకు ఏవి కావాలో తీసుకెళ్లు. పొద్దు గూకేదాకా ఎవరూ ముట్టుకోరు,” అంది పొందిక.

“నేను మోయాలా?”

“కావాలన్నది నువ్వేగా?”

“ఏటా నువ్వే కదా మోసేది!”

అలుగు పెద్దమ్మ మధ్యలో వచ్చింది. “ఒరే అబ్బీ, ఈ పద్ధతి పెట్టిననాడు ఆ సభలో మా అమ్మ ఉంది. కావలసినవాళ్లు మోయాలన్నారు. కావలసినవాళ్ల పెళ్లాలు మోయాలని ఎవరూ అనలేదు.”

నక్క కిసుక్కున నవ్వాడు. నక్క ముందు నవ్వులపాలు కావడం ఇష్టంలేక శూలయ్య ఒక దుప్పి కొమ్ము కరుచుకుని బయలుదేరాడు. వెనక గుమ్మం తెరిచి ఉంటే నాలుగు అడుగులు. కానీ దాన్ని మూసింది తనేగా? కొండంతా చుట్టి ముందు గుమ్మానికి మోసుకెళ్లాడు. మూడోదానికి నాలుక బయటపడింది. ఐదోదానికి దవడ పట్టేసింది.

“మిగతావి నువ్వు తేవే,” అన్నాడు.

పొందిక వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

పొద్దు గూకింది. పాలిచ్చే దుప్పి తల్లులు వచ్చాయి. పిల్లలకు పాలిచ్చే రోజుల్లో ఎముక నమిలితే వాటికి సత్తువ వస్తుంది. ఉడుతలు చిన్న ముక్కలు ఏరుకున్నాయి. తాబేటి డిప్పలో ఒక కప్ప కాపురం పెట్టింది. మిగిలిన పదిహేను ఎముకలూ పదిహేను ఇళ్లకు వెళ్లిపోయాయి. పొందిక వాటిని చూస్తూ నిలబడింది. గుండెల మీది బండను ఎవరో ఒక అంగుళం పక్కకు జరిపినట్టుంది ఆమెకు.

ఇలా రోజూ జరిగింది. పొందిక, పెద్దమ్మ ఇరవై బయట పెట్టేవాళ్లు. శూలయ్య పంతం కొద్దీ వాటిలో పెద్దవి ఏరుకుని ముందు గుమ్మానికి మోసేవాడు. చిన్నవి, ఎవరికైనా పనికొచ్చేవి వదిలేసేవాడు. ఎవరికీ పనికిరాని పెద్ద పెద్ద పుర్రెలు, కొమ్ములు తెచ్చి సావిడిలో పేర్చాడు.

ఐదో రోజుకు సొరంగం తెరుచుకుంది. వాగు మీది గాలి వెనక గదిలోకి వచ్చింది. ఏడో రోజుకు గదీ ఖాళీ అయింది. పొందిక మెత్తని గడ్డి తెచ్చి పరిచింది. పళ్లు అరగదీసుకోవడానికి రెండు ఎముకలు ఒక మూల పెట్టుకుంది. గది నడుమ నిలబడి ఒకసారి ఇటు తిరిగింది, ఒకసారి అటు తిరిగింది. ముళ్లు దేనికీ తగల్లేదు.

తర్వాత సావిడిలోకి తొంగి చూసింది. అక్కడ నిలబడడానికే చోటు లేదు.

“ఏమయ్యా, వంశం సంగతి తర్వాత. మన బలమంతా వీపు మీద ఉంది. శత్రువు ఎదురైతే మనం వెనక్కి తిరిగి ముళ్లు చూపించాలి. నీ సావిడిలో తిరగడానికి చోటేది?” అంది.

“శూలయ్య గుమ్మం తొక్కే మొనగాడెవడే?” అన్నాడు శూలయ్య.

మర్నాడు సాయంత్రం పొందికకు నొప్పులు మొదలయ్యాయి. పెద్దమ్మ వెనక దారిన వచ్చింది. అదే సమయానికి నక్క ముందు దారిన వచ్చాడు.

“బావా, అన్నీ ఇంత అందంగా పేర్చావు. నడుమ నువ్వు కూర్చుంటే సింహాసనంలా ఉంటుంది,” అన్నాడు నక్క.

“నిజమేనంటావా?”

“నువ్వు కూర్చో. నేను సర్దుతాగా.”

శూలయ్య ముఖం గుమ్మం వైపు పెట్టి నడుమ కూర్చున్నాడు. నక్క అతని కుడి పక్కకు దున్న పుర్రె నెట్టాడు. ఎడమ పక్కకు దుప్పి కొమ్ములు నెట్టాడు. ముత్తాత తొడ ఎముకను నెత్తి మీద అడ్డంగా నిలిపాడు. అతని వెనక గదికి వెళ్లే సందు మాత్రం మిగిలింది.

“అబ్బ! అడవిలో ఇలాంటిది ఇంకోటి లేదు. అందరికీ చెబుతాను,” అంటూ నక్క వెళ్లిపోయాడు. నిజంగానే అందరికీ చెప్పాడు. ఎవరికి చెప్పకూడదో వాళ్లకు కూడా చెప్పాడు.

వెనక గది నుంచి పెద్దమ్మ కేక వేసింది. “ఒరే శూలయ్యా! కవలలురా! ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. తల్లి క్షేమం. వచ్చి చూసుకో!”

“వస్తున్నా వస్తున్నా. కదిలితే తొడ ఎముక జారేలా ఉంది. పొద్దున్నే చూస్తాను,” అన్నాడు శూలయ్య.

పెద్దమ్మ పొందిక వైపు చూసింది. పొందిక పిల్లలను పొట్టకు దగ్గరగా తీసుకుంది.

తెల్లవారుతోంది. శూలయ్య సింహాసనం మీదే కునుకు తీస్తున్నాడు. ముందు గుమ్మంలోకి వస్తున్న వెలుగు చటుక్కున ఆగిపోయింది. కళ్లు తెరిచి చూశాడు. గుమ్మం నిండా ఒక తల ఉంది. చారల మెడ, నల్లని మూతి, పుర్రెలను సైతం పిండి చేసే దవడలు. అది దుమ్ములగొండి.

“ఏం దొరా, ఎముకలకు కోట కట్టావట! నక్క చెప్పాడు. చూసిపోదామని వచ్చాను. నాకు ఎముకలంటే ప్రాణం,” అంది దుమ్ములగొండి.

“ఇది మా వంశం ఆస్తి! అడుగు వేశావంటే ముళ్లు దించుతాను!”

“దించు మరి. ఏదీ, తిరుగు.”

శూలయ్య తిరగబోయాడు. కుడి వైపు పుర్రె అడ్డం వచ్చింది. ఎడమ వైపు కొమ్ములు అడ్డం వచ్చాయి. లేవబోతే నెత్తి మీద తొడ ఎముక ఉంది. వీపు మీద ఇన్ని ముళ్లున్నాయి, శత్రువు వైపు ఉన్నది మాత్రం మెత్తని మూతి.

దుమ్ములగొండి పొట్ట పట్టుకుని నవ్వింది. “ఇంత భోజనం ఇలా వడ్డించి పెట్టినవాళ్లు ఎవరూ లేరు నాకు. ముందు నిన్ను తింటాను. తర్వాత నీ ఎముకలు కూడా కలుపుకుని మొత్తం కొరుక్కుంటాను,” అంది. గుమ్మం మట్టిని పంజాతో తవ్వడం మొదలుపెట్టింది.

వెనక గదిలో పొందికకు ఆ మాటలన్నీ వినబడ్డాయి. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒక పిల్లను పెద్దమ్మ కరుచుకుంది, ఒక పిల్లను తాను కరుచుకుంది. ఇద్దరూ సొరంగంలో పరుగెత్తారు. కాలికి తగలడానికి అక్కడ ఒక్క పుల్ల కూడా లేదు. కళ్లు మూసి తెరిచేలోగా వాగు పక్కన తేలారు.

“పెద్దమ్మా, పిల్లలను నీ ఇంటికి తీసుకెళ్లు,” అంది పొందిక.

“నువ్వు?”

“లోపల ఆయన ఉన్నాడు.”

“నిన్న రాత్రి పిల్లలను చూడడానికి రాలేదు వాడు.”

“రాలేదు. ఆ సంగతి అతన్ని అడగాలంటే అతను బతికి ఉండాలి కదా,” అంది పొందిక. మళ్లీ సొరంగంలోకి వెళ్లింది.

సావిడిలో మట్టి రాలుతోంది. దుమ్ములగొండి భుజాల దాకా లోపలికి వచ్చింది. శూలయ్య ముళ్లు గలగలమంటున్నాయి.

“ఏమయ్యా! తిరగకు. అలాగే వెనక్కి రా. ఒక్కో అడుగు వేసుకుంటూ రా,” అంది పొందిక వెనక నుంచి.

“వెనక్కి వస్తే ముళ్లు గోడకు గుచ్చుకుంటాయే!”

“గుచ్చుకోనీ. ముళ్లు మళ్లీ మొలుస్తాయి.”

“మా ముత్తాత తొడ ఎముక...”

“ముందు నీ తొడ ఎముక చూసుకో!”

అప్పుడు కదిలాడు శూలయ్య. ఒక అడుగు వెనక్కి వేశాడు. ముళ్లు సందు గోడకు తట్టుకుని టపటప విరిగాయి. ఇంకో అడుగు వేశాడు. ఇంకొన్ని విరిగాయి. నెత్తి మీది తొడ ఎముక దొర్లి దుమ్ములగొండి నోటి ముందు పడింది. పుర్రెలు, కొమ్ములు దాని మీద కూలాయి.

దుమ్ములగొండి ఒకసారి శూలయ్యను చూసింది, ఒకసారి తొడ ఎముకను చూసింది. అలవాటు దాన్ని ఆపింది. ఎముకను పళ్ల మధ్య పెట్టి ఫెళ్లుమని విరిచింది. ముత్తాత ప్రతాపం అంతా రెండు నమలుళ్లలో ముగిసింది.

ఆ రెండు నమలుళ్ల వ్యవధి చాలింది. శూలయ్య వెనక్కి నడుస్తూ, ఈడ్చుకుంటూ, పొందిక పిలుస్తున్న గొంతును పట్టుకుని సొరంగమంతా దాటాడు. తన ఇంటి వెనక గుమ్మాన్ని అతను దాటడం అదే మొదటిసారి. అదీ వెనక్కి నడుస్తూ.

వెనకనే దుమ్ములగొండి మూతి సొరంగంలో కనబడింది. శూలయ్య వీపు మీద చెప్పుకోదగ్గ ముళ్లు లేవు. పొందిక గుమ్మానికి వీపు పెట్టి నిలబడింది. ఆరుబయట చోటుకేం కొదవ? ముళ్లన్నీ ఒక్కసారిగా లేపింది. కత్తుల కట్ట విప్పినట్టు ఖణేలుమంది.

“రా బాబాయ్. నీ మూతికి ఎన్ని కావాలో లెక్క చెప్పు,” అంది.

దుమ్ములగొండి ఆగింది. ముందు బాలింత ముళ్లున్నాయి. వెనక నిండు సావిడి ఎముకలున్నాయి. అది తెలివితక్కువది కాదు. “మళ్లీ ఎప్పుడైనా కలుద్దాం తల్లీ,” అని సావిడికి తిరిగి వెళ్లిపోయింది.

పొందిక ముళ్లు వాల్చింది. ఉన్నచోటే కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది. వాగు నీళ్లు తన దారిన తను పోతున్నాయి. శూలయ్య ఆమె పక్కన కూర్చున్నాడు.

“పిల్లలు ఎక్కడ?” అన్నాడు.

“ఇప్పుడు గుర్తొచ్చారా?”

శూలయ్య తల వంచుకున్నాడు. “గుర్తొచ్చారు,” అన్నాడు. “ఆడపిల్ల అని, మగపిల్లాడని పెద్దమ్మ అరిచింది. విన్నాను. రాలేదు.”

“రాలేదు,” అంది పొందిక. “ఆ మాట నీ నోటితో అన్నావు కదా. ఇప్పటికి చాలు. పద.”

పెద్దమ్మ ఇంట్లో పిల్లలు నిద్రపోతున్నారు. వాళ్ల ముళ్లు ఇంకా మెత్తగా గరిక పోచల్లా ఉన్నాయి. శూలయ్య దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. కూతురు కళ్లు తెరిచి తండ్రి బోడి వీపును చూసి తుమ్మింది.

“నాన్నను చూసి తుమ్మకూడదమ్మా,” అంది పెద్దమ్మ. “ఈ ఏడు ఇల్లు సర్దాడు, అలసిపోయాడు.”

పొందిక నవ్వింది. ఎనిమిది రోజుల తర్వాత అదే మొదటి నవ్వు. శూలయ్య కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. ఒంటి మీద అక్కడక్కడా నొప్పి పుట్టి మానుకున్నాడు.

దుమ్ములగొండి ఆ సావిడిలో నాలుగు రోజులు కూర్చుని తింది. పుర్రెలు తింది, కొమ్ములు తింది, దవడలు తింది. వెనక గది మూలనున్న రెండు ఎముకలనూ వదల్లేదు, పొడి కూడా నాకింది. ఐదో రోజు త్రేన్చుకుంటూ కొండ అవతలికి వెళ్లిపోయింది. ఇన్నేళ్లుగా పొందిక ఎంత మొత్తుకున్నా కానిపని ఒక శత్రువు నాలుగు రోజుల్లో చేసి పెట్టింది. ఇంటాయన మాటకంటే ఇంటి శత్రువే నయమనిపించే రోజులు అడవిలో కూడా వస్తుంటాయి.

ఉగాది రోజు ఉదయం వాళ్లు ఇంటికి తిరిగి వచ్చారు. శూలయ్య ముందు గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. పంజాలతో తవ్విన మట్టి అక్కడ గుట్టగా ఉంది.

“ఇది నేను తీస్తాను. నువ్వు పిల్లలను తీసుకుని అటు నుంచి రా. ఆ దారి బాగుంది,” అన్నాడు.

పొందిక అతని వైపు ఒకసారి చూసి, పిల్లలను తీసుకుని కొండ చుట్టూ నడిచింది. ఆమె వెనక గదికి చేరేసరికి ముందు గుమ్మంలో మట్టి తొలగింది. ముందు నుంచి దూరిన గాలి సావిడి దాటి, గది దాటి, వెనక నుంచి బయటికి పోయింది. ఆ ఇంట్లో అలాంటి గాలి ఎన్నడూ వీయలేదు. పిల్లలిద్దరూ సావిడి నడుమ చతికిలబడి ఆ గాలికి మూతులు పైకెత్తారు.

మధ్యాహ్నం నక్క వచ్చాడు. “బావా! నీ కోట ఏదీ? నీ ముళ్లేవీ?”

“సర్దేశాను బావా. చెప్పాల్సినవాళ్లందరికీ చెప్పావు కదా, ఇది కూడా వెళ్లి చెప్పు. మా ఇంట్లో చూడడానికి ఏమీ లేదని,” అన్నాడు శూలయ్య.

నక్క లోపలికి తొంగి చూశాడు. నిజంగానే ఏమీ లేదు. అతనికి విసుగు పుట్టి వెళ్లిపోయాడు.

శూలయ్య పూర్తిగా మారిపోయాడని నేను చెప్పను. అలాంటి అబద్ధాలు పిల్లలకు చెప్పకూడదు. మూడో రోజు దారిలో ఒక పక్కటెముక కనబడితే నోట కరుచుకుని గుమ్మం దాకా తెచ్చాడు. అక్కడ కాసేపు నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనకపోయినా దాన్ని తీసుకెళ్లి దుప్పి తల్లి ఇంటి ముందు పెట్టి వచ్చాడు. ముళ్లు మళ్లీ మొలిచాక ఎలా ఉంటాడో పొందికకే తెలియాలి.

ఉగాది రోజు మాత్రం నక్క వెళ్లిన తర్వాత పొందిక నాలుగు కాళ్లూ బారజాపి సావిడి నడుమ పడుకుంది. పిల్లలను శూలయ్య చూసుకున్నాడు. వాళ్లు ఏడిస్తే వాగు దాకా తిప్పి తెచ్చాడు, పాల వేళకు మాత్రం మెల్లగా ఆమె పక్కన చేర్చాడు. ఆమె పొద్దు వాలేదాకా నిద్రపోయింది. “ఇది ఎక్కడ పెట్టావే?” అని లేపి అడగడానికి ఆ ఇంట్లో ఒక్క వస్తువూ లేదు.

నీతి: వస్తువు కావాలనుకున్నవాళ్లే దాన్ని మోయాలి; ఒకరి గొప్ప కోసం ఇంకొకరి దారిని మూసేస్తే, ఆపద వచ్చిన రోజు ఆ ఇంట్లో ఎవరికీ దారి మిగలదు.